పిజ్జా రాతికి పట్టిన వాసన

మా ఇంట్లో పిజ్జా రాయి కొని ఆరేళ్ళయింది. శుక్రవారం సాయంత్రాలు పిల్లల కోసం పిజ్జాలు, చుట్టాలు వచ్చినప్పుడు నానులు దాని మీదే కాలుస్తాం. కిందటి చలికాలంలో ఓవెన్ వేడెక్కగానే వంటిల్లంతా పాత నూనె డబ్బా మూత తీసినట్టు వాసన రావడం మొదలయింది. కడిగితే పోతుందనుకొని, గిన్నెలు తోమే సబ్బు కలిపిన వేణ్ణీళ్ళలో ఆ రాతిని రాత్రంతా నానబెట్టాను. తెల్లారి చూస్తే వాసన తగ్గకపోగా రెట్టింపయింది. వారం తరవాత దాని మీద కాల్చిన పిజ్జా అడుగున నిమ్మ పరిమళం కలిసిన సబ్బు రుచి తగిలింది. పిల్లలు ఒక్క ముక్క కొరికి వదిలేశారు.

చలికాలం మాతో గడపడానికి ఊరినుంచి వచ్చిన అమ్మ ఇదంతా చూసి, “మట్టిది గదరా, ఎవరైనా సబ్బునీళ్ళలో నానబెడతారా? ఎండబెట్టాలి గానీ,” అంది. కాసేపాగి, తనకు అసలు కావలసిన ప్రశ్న అడిగింది: “దాని మీద మీరు మాంసం పిజ్జాలు కూడా కాలుస్తారుగా. నా రొట్టె దాని మీద కాల్చవచ్చంటావా?”

మొదటి మాటకు రసాయన శాస్త్రంలో సమాధానం ఉంది. రెండో ప్రశ్న అంత సులువైనది కాదు. అయితే రెండిటికీ మూలం ఒకటే: కాల్చిన మట్టి తన లోపలికి దేన్ని రానిస్తుంది, దేన్ని తిరిగి వదులుతుంది అన్నది.

పిజ్జా రాయి అంటే ఒక రకంగా నేపుల్స్ నగరపు కట్టెల పొయ్యి నేలలోంచి కోసి తెచ్చుకున్న ముక్క. అక్కడి సంప్రదాయపు పొయ్యిల నేలను సొరెంటో ప్రాంతంలో చేసే ‘బిస్కొత్తో’ అనే మట్టి పలకలతో పరుస్తారు. ఆ నేల వేడి దాదాపు 400 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పిజ్జా ఒకటి, ఒకటిన్నర నిమిషంలో కాలిపోతుంది. ఆ పిజ్జా చేసే కళను 2017లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పొయ్యి నేలను ఎవరూ నీళ్ళతో కడగరు. మీద పడిన పిండి, జున్ను, నూనె అక్కడే మాడి బూడిదవుతాయి. బ్రష్షుతో ఊడ్చేస్తే పని అయిపోతుంది. మన చిక్కంతా ఆ రాతి ముక్కను తెచ్చుకున్నాం గానీ ఆ మంటను తెచ్చుకోలేకపోవడంలో ఉంది. అమెరికాలో ఇళ్ళలోని ఓవెన్లు మామూలుగా 500 లేదా 550 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే 260 నుంచి 290 సెల్సియస్ మధ్య ఆగిపోతాయి. ఆ వేడికి నూనె మాడుతుంది కానీ పూర్తిగా బూడిదవదు.

ఇప్పుడు దుకాణాల్లో దొరికే రాళ్ళలో చాలావాటిని కార్డియరైట్‌తో చేస్తారు. ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త పియెర్ లూయీ కార్డియె పేరుతో పిలిచే ఈ ఖనిజంలో మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ ఉంటాయి. వేడికి ఇది వ్యాకోచించడం చాలా తక్కువ. అందుకే కుమ్మరి కొలిమిలో కుండలు పేర్చే అరలకూ, కారు పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టర్‌లో తేనెపట్టులా ఉండే గుండెకాయకూ దీన్నే వాడతారు. రాయి తేమను పీల్చుకొని పిజ్జాను కరకరలాడిస్తుందని అమ్మేవాళ్ళు చెబుతుంటారు. అందులో ఎంతో కొంత నిజముండవచ్చు గానీ, రాయి చేసే అసలు పని వేడిని దాచుకొని, పచ్చి పిండి తగలగానే దాన్ని ధారాళంగా ఇవ్వడమే. తేమను పీల్చే గుణం మాత్రం మన సమస్యకు మూలం.

కాల్చిన మట్టి కంటికి గట్టిగా కనిపిస్తుంది. లోపల మాత్రం అది ఒకదానితో ఒకటి కలిసిపోయిన సన్నటి సందుల ఊరు. కొలిమి అరల పలకల్లో ఘనపరిమాణంలో పావు వంతు దాకా ఖాళీయే ఉండటం మామూలు. మన రాయి 15 అంగుళాల వ్యాసం, అర అంగుళం మందం ఉందనుకొని, అందులో అయిదో వంతు మాత్రమే ఖాళీ అని లెక్కేసినా దాదాపు 290 మిల్లీలీటర్లు వస్తుంది. అంటే పెద్ద గ్లాసుడు నీళ్ళు ఆ పలకలో కనపడకుండా దాక్కోగలవు. లోపలికి వెళ్ళే వేగాన్ని లెక్కగట్టే సూత్రాన్ని 1918లో లూకాస్, 1921లో వాష్‌బర్న్ వేరువేరుగా ఇచ్చారు. కేశనాళికీయత వల్ల ద్రవం పాకే దూరం కాలపు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. నిమిషంలో ఒక మిల్లీమీటరు వెళితే, నాలుగు నిమిషాల్లో రెండు, పదహారు నిమిషాల్లో నాలుగు. తడిగుడ్డతో తుడవడానికీ, తొట్టిలో నానబెట్టడానికీ ఉన్న తేడా ఇదే. మొదటిది పైపొరకే తగులుతుంది. రెండోది రాతి నడిమధ్యకు వెళ్ళి కూర్చుంటుంది.

ఇక ఆ సందుల్లోకి చేరేవి ఏమిటో చూద్దాం. జున్ను కారితే పాలకొవ్వు, పెపరోనీ వేస్తే మాంసపు కొవ్వు, అంచులకు రాసిన ఆలివ్ నూనె, నానుకు పూసిన వెన్న. వీటిలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముక్కలవుతాయి. ఆ ముక్కలలో హెక్సనాల్ వంటి ఆల్డిహైడ్‌లే పాత నూనె వాసనకు ముఖ్య కారణం. సీసాలో ఉన్న నూనెకు గాలి తగిలేది పైన ఒక్క పొరకే. అదే నూనె రాతి సందుల గోడల మీద పలచగా పరుచుకున్నప్పుడు దానికి గాలి తగిలే వైశాల్యం ఎన్నో రెట్లు. కనక సీసాలో నెలలు పట్టే పని రాతిలో రోజుల్లో జరిగిపోతుంది. పాలకొవ్వు విరిగితే వచ్చే బ్యుటిరిక్ ఆమ్లం మరొకటి. పులిసిన వెన్న, పాత పార్మజాన్ వాసనలో ఉండే ఘాటు దానిదే. పిజ్జా జారడానికి చల్లే పిండీ రవ్వా మాడిన వాసన ఇంకొకటి. దీన్ని చాలామంది రాతి వాసన అనుకుంటారు, నిజానికి అది ఊడ్చకుండా వదిలేసిన బొగ్గుపొడి వాసన మాత్రమే.

ఇప్పుడు అసలు చిక్కుముడి: కడిగితే వాసన ఎందుకు పెరిగింది? దీనికి సమాధానం వంట పుస్తకాల్లో కాకుండా వానను గురించిన పరిశోధనలో దొరికింది. ఆస్ట్రేలియాకు చెందిన ఇజబెల్ జోయ్ బేర్, రిచర్డ్ టామస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1964లో ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. తొలకరి చినుకు పడగానే ఎండిన నేలనుంచి లేచే వాసనకు వాళ్ళు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. ఎండాకాలమంతా గాలిలోని నూనెల ఆవిరులను రాళ్ళూ మట్టీ తమ సందుల్లోకి పట్టుకుంటాయనీ, తేమ తగిలినప్పుడు నీరు వాటి చోటును ఆక్రమించి వాటిని బయటికి నెడుతుందనీ వాళ్ళ వాదన. సిలికేట్ గోడలకు నూనె కన్నా నీరంటే ప్రీతి ఎక్కువ. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో మట్టిని బట్టీ పట్టి, ఆ పరిమళాన్ని చందన తైలంలోకి దించి ‘మిట్టీ అత్తరు’ తయారు చేస్తారన్న సంగతిని కూడా వాళ్ళు ఆ వ్యాసంలో ప్రస్తావించారు. కన్నౌజ్ అత్తరువాళ్ళు కావాలని చేసే పనినే నేను సింకులో తెలియక చేశాను. తేడా ఒక్కటే, నా రాతిలో దాగి ఉన్నది తొలకరి కాదు, ఆరేళ్ళ మోజరెల్లా.

ఈ సిద్ధాంతంలో మనకు పనికొచ్చే మరో విషయం ఉంది. రాయి వాసన పట్టాలంటే దాని మీద ఏదీ ఒలకనక్కరలేదు. గాలిలో ఉన్న ఆవిరి చాలు. ఇంగువ డబ్బా, కసూరీ మేథీ, ఒలిచిన వెల్లుల్లి ఉన్న అలమరలో పిజ్జా రాతిని నిలబెడితే, అది ఏమీ వండకుండానే వాటి వాసనను పోగు చేసుకుంటుంది.

సబ్బు సంగతికి వస్తే, నూనె వాసన కన్నా సబ్బు పట్టడం పెద్ద తప్పు. హెక్సనాల్ సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దగ్గరా, బ్యుటిరిక్ ఆమ్లం సుమారు 164 దగ్గరా మరుగుతాయి. కాబట్టి 260 డిగ్రీల వేడికి అవి ఆవిరై వెళ్ళిపోవలసిందే. గిన్నెలు తోమే ద్రవాల్లో ఉండే డిటర్జెంట్లు చాలావరకు సోడియం లవణాలు. లవణం మరిగి ఎగిరిపోదు. వేడికి అది అక్కడే విరిగి కొత్త వాసనలు పుట్టిస్తుంది, మిగిలినది పిండికి అంటుకుంటుంది. గిన్నె మీది సబ్బును కుళాయి కింద పెట్టి వదిలించవచ్చు. అర అంగుళం లోతున ఉన్న సబ్బుకు కుళాయి ధార అందదు. డిష్‌వాషర్ మరీ ప్రమాదం. ఓవెన్లను శుభ్రం చేసే స్ప్రేలలో చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. దాన్ని రాతి దరిదాపులకు రానీయకూడదు.

కాబట్టి చెయ్యవలసినది ఏమిటంటే, ముందు రాతిని పూర్తిగా చల్లారనిచ్చి, పిండి కోసుకునే ఉక్కు పలకతో మీది పెంకులన్నీ గీకడం. తరవాత గట్టి బ్రష్షుతో పొడిగా తోమడం. అంటుకుపోయిన జున్ను మొండికేస్తే గరుకు కాగితంతో రుద్దవచ్చు. పూత లేని రాతికి దానివల్ల నష్టమేమీ లేదు. చివరగా నీళ్ళు పిండేసిన గుడ్డతో ఒక్కసారి తుడవడం. చాలామందికి చాలాసార్లు ఇంతే సరిపోతుంది.

వాసన అప్పటికీ ఉంటే నిప్పును ఆశ్రయించాలి. ఇక్కడ తొందర పనికిరాదు. నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం సుమారు 1,700 రెట్లవుతుంది. ఇందాక లెక్కేసిన 290 మిల్లీలీటర్ల నీరు 490 లీటర్ల దాకా ఆవిరినిస్తుంది. అంత ఆవిరి సన్నటి సందుల్లోంచి ఒక్కసారిగా బయటపడాలని చూస్తే రాయి చిట్లుతుంది. కార్డియరైట్ వేడి దెబ్బను ఓర్చుకుంటుందని అందరూ చెప్పే మాట నిజమే, కానీ అది పొడి రాతికి వర్తిస్తుంది. నానిన రాతిని రెండు మూడు రోజులు గాలి ఆడేటట్టు నిలబెట్టి ఆరనివ్వాలి. తరవాత చల్లని ఓవెన్లో పెట్టి, 200 ఫారెన్‌హీట్ దగ్గర రెండు గంటలు ఉంచాలి. అది 93 సెల్సియస్, నీరు మరిగే స్థాయికి కొంచెం తక్కువ. తేమ మెల్లగా పోతుంది, ఆవిరి ఒత్తిడి పెరగదు. ఆపైన 300 దగ్గర ఒక గంట, చివరికి 500 దగ్గర ఒక గంట. అప్పుడు పొగ వస్తుంది. కిటికీలు తెరిచి, పొయ్యి మీది ఫ్యాను వేసి, ఆ గంటసేపూ ఇంట్లోనే ఉండాలి. అయ్యాక రాతిని బయటికి తియ్యకుండా ఓవెన్లోనే చల్లారనివ్వాలి.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చేత్తో తాకితే తెలియదు, పైపొర ఎప్పుడూ ముందే ఆరుతుంది. దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. రాయి కొత్తగా ఉన్నప్పుడే, లేదా బాగా కాల్చి చల్లార్చిన రోజున, దాన్ని తూచి ఆ బరువు ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి. తడిసిన ప్రతిసారీ తూచి చూస్తే లోపల ఎన్ని గ్రాముల నీరుందో తెలిసిపోతుంది. అనుమానానికి తావుండదు.

వంటసోడా గురించి అందరూ చెబుతారు గనక ఒక మాట. సోడా తేలికపాటి క్షారం, మెత్తని రాపిడి పొడి కూడా. కాసిని నీళ్ళతో ముద్దగా కలిపి పైన రుద్ది తుడిచేస్తే మరకకు మేలే. బ్యుటిరిక్ ఆమ్లాన్ని అది లవణంగా మార్చి వాసనను అణుస్తుంది కూడా. అయితే ఆమ్లం వేడికి ఎగిరిపోతుంది, దాని లవణం అలా పోదు. పైపొర మీద ఇది ఫరవాలేదు. సోడా నీళ్ళలో రాతిని నానబెడితే మాత్రం ఎగిరిపోవలసినదాన్ని లోపలే కట్టిపడేసినట్టవుతుంది. ఆల్డిహైడ్‌ల మీద సోడా ప్రభావం అంతంత మాత్రం. వినిగరు పనికొచ్చే సందర్భం ఒకటే, నీచు వాసన. చేపల వాసనకు కారణమైన ట్రైమిథైల్ ఎమీన్ క్షారం. పులుపు తగిలితే లవణమై ముక్కుకు అందకుండా పోతుంది. చేప ముక్కలకు నిమ్మరసం పట్టించే ప్రతి ఇంటా ఈ చర్య జరుగుతూనే ఉంది. కానీ పిజ్జా రాతి మీద చేపలు కాల్చేవాళ్ళు ఎందరని?

ఓవెన్లో తనను తాను శుభ్రం చేసుకునే మీట ఒకటుంటుంది కదా, అది నొక్కితే రాయి కూడా శుభ్రమవదా అని అడిగేవాళ్ళున్నారు. ఆ మీట నొక్కితే లోపల వేడి 480 సెల్సియస్ దాకా వెళుతుంది. కొవ్వు బూడిదయ్యే మాట నిజమే. అయితే తలుపు తాళం పడిపోయాక లోపల కొవ్వు పీల్చిన రాయి అంటుకుంటే మనం చెయ్యగలిగింది చాలా తక్కువ. రాళ్ళూ అరలూ తీసేసి మీట నొక్కమని ఓవెన్ల వెంట వచ్చే పుస్తకాల్లో రాస్తారు. ఆ మాట వినడమే మంచిది. పెరట్లో గ్యాస్ గ్రిల్ ఉంటే, పొడిగా ఉన్న రాతిని దాని మీద పెట్టి సన్నని మంటతో మొదలుపెట్టి క్రమంగా పెంచడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి దారి. వేడి ఇంటి ఓవెన్ కన్నా ఎక్కువ, పొగ ఆకాశానికి పోతుంది.

ఇంత చేసినా నల్ల మరకలు మిగులుతాయి. వాటి గురించి బెంగ పడనక్కరలేదు. మాడిన నూనె కొంత పాలిమర్‌గా గట్టిపడి ఉంటుంది, ఇనప పెనం మీద నల్లటి పొరలాగా. కొంత శుద్ధమైన బొగ్గు. ఆ రెండిటికీ వాసన లేదు. తెల్లగా ఉండి సబ్బు వాసన కొట్టే రాతికన్నా నల్లగా ఉండి ఏ వాసనా లేని రాయి నయం. సబ్బు పట్టిన రాయి రెండు మూడుసార్లు కాల్చాక కూడా రసాయనపు వాసన వేస్తుంటే, బీట తీసి ఉంటే, లేక పాత సామాన్ల అమ్మకంలో కొన్నదై దాని మీద ఎవరు ఏ మందు చల్లారో తెలియకపోతే, పారేయడమే ఉత్తమం. కాస్టిక్ సోడా నిప్పుకు పోయేది కాదు. గాజుపూత ఉన్న రాళ్ళు, ఉక్కు పలకలు వేరే జాతి. పైన చెప్పినవేవీ వాటికి వర్తించవు.

ఇదంతా చదివి అమ్మకు వివరించబోతే, ఆమెకు కొత్తగా చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు. కుండల్లో వండిన తరం వాళ్ళు మట్టి రంధ్రాల స్వభావాన్ని ఏనాడో కనిపెట్టారు. చేపల పులుసు దాక వేరు, పెరుగు కుండ వేరు. ఒకదాన్ని మరొకదానికి వాడరు. తోమడం బూడిదతో, పీచుతో. తోమాక ఎండలో బోర్లించడం. కొత్త కుండలో ముందు గంజి కాస్తారు. పిండి పదార్థం జిగురై సందులను పూడుస్తుంది. ఆ కిటుకు పిజ్జా రాతికి పనికిరాదు, 260 డిగ్రీల దగ్గర గంజి మాడుతుంది. ఇక ఏడాది పొడుగునా నూనె తేలుతూ ఉండే ఆవకాయను పూత లేని కుండలో పెట్టరు, గాజుపూత పూసిన జాడీలో పెడతారు. ఎందుకని అడిగితే, “కుండ నూనె తాగేస్తుంది,” అంటుంది అమ్మ.

ఆమె రెండో ప్రశ్నను కూడా పాతకాలం వాళ్ళు ఆలోచించకుండా వదల్లేదు. మైలపడిన మట్టిపాత్రను తిరిగి కాలిస్తే శుద్ధి అవుతుందని మనుస్మృతి ఐదవ అధ్యాయం చెబుతుంది. ఆ వెంటనే, మద్యం, రక్తం వంటివి అంటితే తిరిగి కాల్చినా శుద్ధి కాదని మినహాయింపు పెడుతుంది. లోహపు పాత్రలకు ఇంత కఠినమైన నియమం లేదు. బైబిల్లోని లేవీయకాండము ఆరవ అధ్యాయంలో బలిమాంసం ఉడికించిన మట్టికుండను పగలగొట్టమనీ, అదే ఇత్తడి పాత్ర అయితే తోమి కడిగితే చాలనీ ఉంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు సమాజాలు మట్టికీ లోహానికీ మధ్య ఒకే చోట గీత గీశాయి. వాటి ఉద్దేశం ఆచారమే, రసాయన శాస్త్రం కాదు. అయినా లోహం పైన మాత్రమే అంటించుకుంటుందనీ, మట్టి లోపలికి తీసుకుంటుందనీ రెండిటికీ తెలుసు.

రసాయనాన్ని మాత్రమే అడిగితే, బాగా కాల్చిన రాతిలో మాంసపు కొవ్వు కొవ్వుగా మిగలదనీ, ఉన్నదంతా బొగ్గేననీ చాలావరకు నిజంగా చెప్పవచ్చు. చాలావరకు అన్నాను, మా ఓవెన్ 400 డిగ్రీలకు వెళ్ళదు మరి. ఈ మాటే అమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, “నీ బొగ్గు సంగతి నిజమే అయ్యుంటుందిలే. నాకు మాత్రం వేరేది కొను,” అంది.

ఇప్పుడు మా ఇంట్లో రెండు రాళ్ళున్నాయి. కొత్తదాని అంచున అమ్మ మేకుతో ఒక చిన్న గీత గీసి, గుర్తు పెట్టింది. పాత రాతిని గ్రిల్ మీద రెండుసార్లు కాల్చాను. నల్లగా ఉంది గానీ ఇప్పుడు వాసన లేదు. అమ్మ తన రాతిని తన పోపుల అలమరలో, ఇంగువ డబ్బా పక్కన దాచుకుంది. మూడు వారాల తరవాత మొదటిసారి దాన్ని వేడి చేసినప్పుడు ఇల్లంతా ఇంగువ వాసన.